పని వెదకువారి చెంతకు ఉద్యోగ కచేరి



మన పత్రికలో నెలనెలా ఎరువులను గూర్చియు, విత్తనములను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు పాఠములు వ్రాయుచున్నాము. ఈ నెల పాఠము మనుష్యులను గూర్చినది. కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట మన గ్రామములలో ఎన్ని చేతులు ఊరక యుండునో మీకు మేము చెప్పనక్కరలేదు. అట్టి చేతులకు పని చూపుటకై ప్రభుత్వము నడపు కచేరి యొకటి కలదు. జనులు దానిని ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి యందురు. ఉపాధి కార్యాలయమనియు నందురు. అది యెవరికి అందుచున్నది? ఎవరికి అందుట లేదు? అందరికి అందవలెనన్న ఏమి చేయవలెను? ఇదియే నేటి పాఠము.

దీనిని నేర్చుకొనుటకు మిమ్ము ముందుగా పొలమునకు గాక సముద్రపు టొడ్డునకు గొనిపోవుచున్నాము. అచ్చట మన పల్లెలవారే పలువురు కానవత్తురు.

తెల్లవారుజామున రేవు

విశాఖపట్నపు ఫిషింగ్ హార్బరు బాహ్య రేవునకు ఉత్తరపు ప్రక్క నున్నది. ఇంకను చీకటి యుండగనే అచ్చట సంత మొదలగును. వేటనుండి వచ్చిన మరబోట్లు జెట్టీకి చేరును. కలాసీలు చేపలను, రొయ్యలను గంపల కెత్తుదురు. వేలముపాట పాడువారి కేకలును, ఐసు దిమ్మలు పగులగొట్టు చప్పుడును వినవచ్చును. స్త్రీలు గంపలు నెత్తిన బెట్టుకొని బారులు తీరి నడచుచుందురు. బోటు ఒకటియే యైనను దానిని నమ్ముకొని బ్రతుకువారు పలువురు. సరంగు, కలాసీలు, వలలు బాగుచేయువారు, వడ్రంగులు, ఐసు మోయువారు, రొయ్యలు ఒలుచువారు, చేపలు ఎండబెట్టు స్త్రీలు, ఆటోలు నడపువారు, అందరును ఆ బోటుమీది బ్రతుకువారే. వీరిలో పుట్టు జాలరులున్నారు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలనుండి పొలము చాలక వచ్చినవారును ఉన్నారు. కావున రేవు సంగతి మన సంగతియే.

ఆ జెట్టీమీద కూలి పని యెట్లు దొరకును? తెలిసినవాడు పిలిచిన దొరకును. యజమానితోనో మేస్త్రీతోనో ముఖపరిచయమున్న దొరకును. ఒంటిలో బలమున్నవాడు ముందు నిలుచును. కాలు కుంటుపడినవాడు, చెవి వినబడనివాడు, చంటిబిడ్డ తల్లి, నిన్ననే వచ్చిన పల్లెటూరివాడు వెనుకబడుదురు. ఎవరు ఏ దినమున ఎంత పని చేసిరో వ్రాసియుంచు పుస్తకము ఇట్టి కూలికి సామాన్యముగా నుండదు.

వ్రాత లేని లోపము కష్టకాలమున బయటపడును. 2023 నవంబరు 19వ తేది రాత్రి ఈ రేవున అగ్నిప్రమాదము సంభవించి సుమారు 40 బోట్లు కాలిపోయెను. బోట్ల నష్టములో 80 శాతము పరిహారముగా ఇత్తుమని ప్రభుత్వము ప్రకటించెను. బోటునకు రిజిష్టరు నంబరున్నది, విలువ కట్టుట కాధారమున్నది. ఆ బోటునకు గంపలు మోసి బ్రతుకు ఆడుది తనకు మరునాటినుండి పని లేదని ఏ కాగితము చూపి చెప్పుకొనగలదు?

ఏటేట వచ్చు కష్టము మరియొకటి కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచేత తూర్పు తీరమున ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు 61 దినములు మరబోట్ల వేట నిషిద్ధము. ఆ కాలమున మత్స్యకార కుటుంబమున కిచ్చు సహాయమును రాష్ట్ర ప్రభుత్వము 2025లో 20,000 రూపాయలకు పెంచినది. అది మంచి పని. కాని ఆ సహాయము బోటెక్కి వేటకు పోవువారి నుద్దేశించినది. ఒడ్డున ఐసు కొట్టువానికిని, గంప మోయుదానికిని బోట్లు కదలని దినములన్నియు పని లేని దినములే. మన మెట్టపొలముల రైతుకూలికి వేసవి యెట్టిదో రేవు కూలికి ఆ రెండు నెలలు అట్టివి. ఎచ్చట పని యున్నదో, దానికి ఏమి నేర్చుకొనవలెనో చెప్పువాడు ఇరువురికిని కావలెను.

మేస్త్రీ చేతిలోని పని

సహకార సంఘము లేని దినములలో అప్పు కావలెనన్న షావుకారు గడప యొక్కటే గతి. వడ్డీ యెంతయో అతడు చెప్పినంత. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన పిమ్మట మనము పది మందిమి కలిసి ఆ కట్టు సడలించుకొంటిమి. అప్పు విషయమున షావుకారు ఎట్టివాడో పని విషయమున మేస్త్రీ అట్టివాడు.

మన తీరపు జిల్లాలనుండి బర్మాకు పోయిన కూలీల చరిత్ర మీలో వృద్ధులు వినియుందురు. విశాఖపట్నము, కాకినాడ రేవులలో ఓడలెక్కి వేలాది జనులు రంగూనుకు పోయి, బియ్యపు మిల్లులలోను ఓడరేవులోను పనిచేసిరి. వారిని ఊరిలో పోగుచేసినవాడు మేస్త్రీ. ముందుగా బయానా ఇచ్చి, ఓడ చార్జీ పెట్టి, ఆ సొమ్ము కూలిలో కోసికొనెడివాడు. పని యిచ్చువాడును అతడే, కూలి పంచువాడును అతడే, అప్పు రాబట్టువాడును అతడే. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె చేయగా యజమానులు వారి స్థానమున బర్మీయులను పెట్టిరి. సమ్మె తీరగానే వారిని తొలగించి తెలుగువారిని మరల పిలిచిరి. దానిపై ఘోరమైన కొట్లాటలు చెలరేగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. పని పంచుటకు న్యాయమైన పద్ధతి లేనిచోట పేదవాడు పేదవానికే శత్రువగునని దీనివలన తెలియుచున్నది.

ఇది గతించిన కథ యని తలంపవలదు. 2024 మే నెలలో విశాఖపట్నపు పోలీసులు ఒక మోసమును బయటపెట్టిరి. కంబోడియా దేశమున కంప్యూటరుపై వ్రాతపని యున్నదని చెప్పి, ఏజంట్లు మన ప్రాంతపు యువకులయొద్ద సొమ్ము పుచ్చుకొని దేశము దాటించిరి. అచ్చట వారిని నిర్బంధించి, టెలిఫోనులలో జనులను మోసగించు పని చేయించిరి. చదువుకొన్న పిల్లలే ఇట్లు చిక్కుకొనిరి. మేస్త్రీ పేరు మారినది గాని పద్ధతి మారలేదు. సరియైన మాట చెప్పు కచేరి దూరమైనకొలది కల్లమాటలు చెప్పువాడు దగ్గరగును.

ఉద్యోగ కచేరి పుట్టుక

మేస్త్రీకి బదులుగా ప్రభుత్వమే పనివానిని, పని యిచ్చువానిని ఉచితముగా కలుపవలెనను ఆలోచన ఇంగ్లండు దేశమున 1909లో చట్టరూపము దాల్చెను. 1910 ఫిబ్రవరి 1న అచ్చట మొదటి కచేరీలు తెరచిరి. ఆ చట్టములో మనము గమనింపదగిన నియమ మొకటి యున్నది: దూరపు ఊరిలో పని దొరకినవానికి ప్రయాణపు ఖర్చు అప్పుగా నీయవచ్చును. పని యున్నదని చెప్పినంతనే చాలదు, అచ్చటికి చేరు దారియు చూపవలెనని వారు మొదటనే గ్రహించిరి.

మన దేశమున ఈ శాఖ 1945 జులైలో పుట్టెను. యుద్ధము ముగిసి ఇండ్లకు వచ్చు సిపాయిలకు పని చూపుటయే అప్పటి ఉద్దేశము. 1948లో ఆ తలుపు తక్కినవారికందరికిని తెరచిరి. 1956 నవంబరు 1న, అనగా ఆంధ్రప్రదేశము అవతరించిన దినముననే, ఈ కచేరీల నిర్వహణము రాష్ట్రముల చేతికి వచ్చెను. 1948లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగ సేవను గూర్చి 88వ ఒడంబడికను చేయగా మన దేశము 1959లో దాని నంగీకరించెను. అందలి ముఖ్యాంశములు నాలుగు. సేవ ఉచితముగా నుండవలెను. కచేరీలు తగినన్ని, జనులకు అనుకూలమైన చోట్ల నుండవలెను. యజమానుల ప్రతినిధులును, పనివారి ప్రతినిధులును సలహా సంఘములలో కూర్చుండవలెను. అంగవైకల్యము గలవారివంటి ప్రత్యేక వర్గముల అవసరములు తీర్చవలెను. వ్యవసాయమువంటి వృత్తులకు వేరుగా ఏర్పాటులు చేయుటయు ఆ ఒడంబడికలో పేర్కొనబడినది.

ద్వారము వెలుపల నిలిచినవారు

అంగీకరించిన మాట ఒకటి, ఆచరణ మరియొకటి. అదే 1959లో ఖాళీలను ఈ కచేరీలకు తప్పక తెలుపవలెనను చట్టము చేయబడెను. ప్రభుత్వ సంస్థలును, 25 మందికి తక్కువ గాక పనివారున్న ప్రైవేటు సంస్థలును ఖాళీలు తెలుపవలసి యుండెను. తెలిపినంతమాత్రమున ఆ కచేరి పంపినవారినే చేర్చుకొనవలెనను నిర్బంధము లేదు. ప్రైవేటు వ్యవసాయములో యంత్రములు నడపు పని తప్ప తక్కిన పనులు ఆ చట్టమునకు వెలుపల నుంచబడెను. ఇంటిపనియు వెలుపలనే. మూడు నెలలకు లోపల ముగియు పనియు వెలుపలనే. ఇప్పుడు లెక్కింపుడు: మన పొలములో నాట్లు వేయునది, విశాఖపట్నపు ఇండ్లలో అంట్లు తోమునది, జెట్టీమీద దినకూలి చేయువాడు, వీరందరును ఒక్క చట్టములోనే వెలుపలివారైరి. చదువుకొని గుమాస్తా పనికి ఎదురుచూచువాని పేరు రిజిష్టరుకెక్కినది. పని మిక్కిలి అవసరమైనవాని పేరు ఎక్కించినను, అతనికి తగిన ఖాళీ ఆ కచేరికి చేరు మార్గము లేకపోయెను.

పేరెక్కినవారి సంగతియు చూతము. 1971 జనవరి 20న ఇందిరాగాంధి విశాఖపట్నపు ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. 1992 ఆగష్టు 1న పి. వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసెను. భూములు కోల్పోయిన రైతు కుటుంబములకు ఆర్ కార్డులనబడు పునరావాస పత్రములు లభించెను. కొందరికి కర్మాగారమున ఉద్యోగములు వచ్చెను. తక్కినవారు కార్డు పెట్టెలో దాచుకొని దశాబ్దములు ఎదురుచూచిరి. నాగలి పట్టినవానికి కొలిమి పని నేర్పువారు వెంటనుండనిదే కార్డు కాగితముగానే మిగులును. పేరు వ్రాసికొనుట సేవకు ప్రారంభమే గాని అంతము గాదు.

న్యాయస్థానము కూడ ఈ విషయమున ఒక మాట చెప్పెను. పూర్వము పెక్కు ప్రభుత్వోద్యోగములకు ఎక్స్ఛేంజి పంపిన పేర్లనే చూచెడివారు. కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకములపై వచ్చిన వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఎక్స్ఛేంజినుండి పేర్లు తెప్పించుటతోపాటు పత్రికలలోను, రేడియోలోను, టెలివిజనులోను ప్రకటించి, వచ్చిన వారందరిని పరిశీలింపవలెననెను. ఒక తలుపు మూసియున్నవానికి రెండవ తలుపు తెరచుట ఉచితమే. కాని పత్రిక చదువలేనివానికిని, చెవి వినబడనివానికిని మూడవ తలుపు కావలసి యున్నది.

పెద్ద రేవు నేర్పిన పాఠము

దినకూలికి రిజిష్టరు పెట్టుట సాధ్యమా యని సందేహింపవచ్చును. సాధ్యమేయని అదే విశాఖపట్నమున, ఫిషింగ్ హార్బరుకు ప్రక్కనే యున్న పెద్ద ఓడరేవు చూపినది. అచ్చట ఓడ వచ్చిన దినమున పని, రానిదినమున పస్తు. రేవు కూలీల నియామకమును క్రమపరచుటకు 1948లో కేంద్రము చట్టము చేసెను. 1959లో విశాఖపట్నమునకు దాని క్రింద స్కీము ఏర్పడెను. డాక్ లేబరు బోర్డు కూలీల పేర్లు రిజిష్టరు చేసి, వంతు ప్రకారము పని పంచినది. హాజరై పని దొరకక మరలిపోవువానికి హాజరు భత్యమిచ్చు పద్ధతి యేర్పడెను. తరువాతి కాలమున ఆ బోర్డు రేవు యాజమాన్యములో విలీనమైనను అది నేర్పిన నీతి నిలిచియున్నది. మేస్త్రీ వ్రేలు చూపినవానికి గాక, వంతు వచ్చినవానికి పని దొరకుట చట్టము తలచిన జరుగును. అయితే ఒక జాగ్రత్త: రిజిష్టరు క్రొత్తవారికి మూతబడినచో అదియు నొక గోడయే యగును. కాలకాలమునకు తెరచి క్రొత్త పేర్లను చేర్చుచుండవలెను.

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టమును మీరెరుగుదురు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో అది ఆరంభమయ్యెను. 2025 డిసెంబరులో పార్లమెంటు దానికి బదులుగా 125 దినముల పని పలుకు క్రొత్త చట్టమును ఆమోదించినది. పాత చట్టములోని కొన్ని నియమములను మాత్రము ఏ ఉద్యోగ కచేరియు మరువరాదు. పని కోరినవానికి తేదీ వేసిన రసీదు ఈయవలెను. 15 దినములలో పని చూపనిచో నిరుద్యోగ భృతి ఈయవలెను. పని 5 కిలోమీటర్లలో నుండవలెను. దూరమైన కూలిలో 10 శాతము అధికముగా నీయవలెను. రసీదు చేతనున్నవాడు బిచ్చమెత్తువాడు గాడు, హక్కు గలవాడు.

అందరికి అందుట యనగా నేమి?

తలుపు తెరచియుండుట వేరు, తలుపువరకు వచ్చు శక్తి అందరికి నుండుట వేరు. మన సంఘములోనైనను, మన జిల్లా కచేరిలోనైనను, ఈ క్రింది ఐదు పరీక్షలు పెట్టి చూడవలెను.

మొదటిది దూరము. విశాఖపట్నపు జిల్లా ఉపాధి కార్యాలయము కంచరపాలెమున నున్నది. ఫిషింగ్ హార్బరు పట్టణమునకు మరియొక కొనయందున్నది. పట్టణములోని కూలికే ఒక పూట ప్రయాణమైనప్పుడు ఏజెన్సీ గ్రామముననుండి వచ్చువాని సంగతి చెప్పవలెనా?

రెండవది వేళ. జెట్టీ పని వేకువన, పొలము పని ప్రొద్దున. కచేరి తెరచునది పగలు. కచేరికి పోయిన దినమున కూలి పోవును. కూలి పోగొట్టుకొనలేనివాడు కచేరికి పోలేడు. పోనివానికి మంచి పని దొరకదు. ఈ చుట్టును త్రెంపవలెనన్న నెలకొక దినమైనను కచేరి వారే జెట్టీకి, సంతకు, పంచాయతీ అరుగునకు రావలెను. 61 దినముల నిషేధకాలముకంటె దీనికి అనుకూలమైన కాలము రేవున మరి లేదు.

మూడవది అక్షరము. దరఖాస్తు కంప్యూటరులోనికి పోయినది. టెలిఫోనునకు వచ్చు అంకెలు చెప్పనిదే అది ముందుకు సాగదు. చదువు రానివాడు ఎవని చేతికో టెలిఫోను నీయవలసి వచ్చును. అచ్చటనే మధ్యవర్తి మరల ప్రవేశించును. నోటిమాటగా చెప్పిన వ్రాసికొని, వ్రాసినది మరల చదివి వినిపించు గుమాస్తా యుండవలెను. ఆ మాట తెలుగునను, ఒడ్డున పనిచేయు ఒరియావానికి ఒరియాలోను నుండవలెను.

నాలుగవది శరీరము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో 4 శాతము వారికి కేటాయించినది. ప్రభుత్వ కట్టడములును, సేవలును వారికి అందుబాటులో నుండవలెననియు ఆదేశించినది. ఈ ప్రమాణములు సలహాలుగా గాక తప్పనిసరి నియమములుగా నుండవలెనని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు చెప్పెను. మెట్లప్రక్క వాలుబాట, చెవిటివానికి సంజ్ఞలతో చెప్పువాడు, గ్రుడ్డివానికి చదివి వినిపించువాడు, ఇవి దయాధర్మములు గావు. వించియంత్రమున వ్రేళ్లు పోయిన కలాసి, నూర్పుయంత్రమున చేయి పోయిన రైతుకూలి, ఇరువురును నిన్నటివరకు మనవలెనే పనిచేసినవారని మరువరాదు. వారు చేయలేని పని యేదో అడుగుటకు ముందు, చేయగలిగిన పని యేదో అడుగవలెను.

ఐదవది స్త్రీ. గంప మోయు ఆడుది తాను “పని చేయుచున్నాను” అని చెప్పుకొనుట అరుదు. “మా ఆయనకు సాయపడుచున్నాను” అనును. రిజిష్టరులో ఆమె పేరునకెదుట “ఇంటిపని” యని పడును. ఆమె నడిగెడు ప్రశ్న మారవలెను. “నీవు ఉద్యోగినివా?” యని గాక, “నిన్న తెల్లవారినదాదిగా ఏమేమి చేసితివమ్మా?” యని యడిగిన ఆమె వృత్తి యంతయు బయటపడును.

“అడుగనిదే అమ్మయినను పెట్టదు” అని మనవారందురు. తమ పని తాము చూచుకొనవలెనని యువకులకు చెప్పుటకు ఆ మాట సరిపోవును. కాని ఉద్యోగ కచేరి ఆ సామెతను పట్టుకొని కూర్చుండరాదు. అడుగుట తెలియనివాడు, అడుగుటకు రాలేనివాడు, అడిగిన వెక్కిరింతురని జంకువాడు, వీరికొరకే ఆ కచేరి మొదట పనిచేయవలెను. తక్కినవారు ఎట్లో ఒక దారి చూచుకొందురు.

ఇప్పుడున్న సదుపాయములు

పాత ఎక్స్ఛేంజి చట్టము స్థానమున 2020లో పార్లమెంటు సాంఘిక భద్రతా స్మృతిని నిర్మించినది. అందు ఈ కచేరీలకు కెరీర్ సెంటర్లని పేరు. 2015 జులై 20న కేంద్రము నేషనల్ కెరీర్ సర్వీసు అను పేర ఆన్‌లైను నమోదు ఆరంభించెను. దానిలో పేరు చేర్చుటకు రుసుము లేదు. 1514 నంబరునకు టెలిఫోను చేసి వివరములు అడుగవచ్చును.

అసంఘటిత కార్మికులకై 2021 ఆగష్టు 26న ఇ-శ్రమ్ నమోదు మొదలయ్యెను. 16 ఏండ్లు మొదలు 59 ఏండ్లవరకు వయస్సు గల వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు, ఇంటిపనివారు, వీథివర్తకులు ఇందు చేరవచ్చును. చేరినవారికి 12 అంకెల సంఖ్య గల కార్డు వచ్చును. ఆధారు, దానితో కలిపిన టెలిఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఉండవలెను. జెట్టీమీది దినకూలికిని, మన పొలములోని కూలికిని “నేను ఈ వృత్తివాడను” అని చెప్పు కాగితము ఇదియే. అగ్నిప్రమాదమో, తుఫానో వచ్చిన మరునాడు దాని విలువ తెలియును.

విదేశమునకు పోవువారు 1983 వలసల చట్టము క్రింద లైసెన్సు పొందిన ఏజంటునే నమ్మవలెను. లైసెన్సు నంబరు అడిగి, కచేరిలో విచారించి, సొమ్మునకు రసీదు పుచ్చుకొనవలెను. రసీదు ఈయనివాడు దొంగయని తలంచినను తప్పు లేదు.

మన సంఘము చేయదగిన పని

ఉద్యోగ కచేరి క్రొత్తగా పనిని పుట్టింపజాలదు. ఉన్న పనిని న్యాయముగా పంచుటయే దాని పని. వాన కురియుట మన చేతిలో లేకున్నను కాలువ సరిగా త్రవ్వుట మన చేతిలోనే యున్నది గదా! ఆ కాలువ చివరి మడివరకు పారునట్లు చేయుటకు సహకార సంఘమువంటి సాధనము వేరొకటి లేదు.

సంఘమున ఒక పుస్తకము పెట్టవలెను. గ్రామములో పని కోరువారందరి పేర్లు, నేర్చిన పని, కోరు పని, ఏ నెలలలో ఖాళీ, ఇవి అందు వ్రాయవలెను. సభ్యుల బిడ్డలవి మాత్రమే గాక, భూమి లేనివారివి, దివ్యాంగులవి, ఒంటరి స్త్రీలవి ముందుగా వ్రాయవలెను. వ్రాయించుకొన్నవారికి తేదీ వేసిన చీటీ ఈయవలెను. మూడు నెలల కొకసారి పుస్తకము తిరుగవేసి, ఎవరికి పని దొరకినది, ఎవరికి దొరకలేదు, ఏల దొరకలేదు అని విచారింపవలెను.

నెలకొక దినము, కూలీలకు తీరిక యుండు సాయంకాలమున, చదువుకొన్న యువకులిద్దరు సంఘ కచేరిలో కూర్చుండి నేషనల్ కెరీర్ సర్వీసునకు, ఇ-శ్రమునకు ఉచితముగా పేర్లు చేర్చవలెను. ఉద్యోగ మేళా ప్రకటనలను గోడకంటించినంత చాలదు. దండోరా వేయించి, అరుగుమీద చదివి వినిపింపవలెను. పోదలచినవారిని ఒక గుంపుగా పంపవలెను. తోడు లేక స్త్రీలును, దారి తెలియక దివ్యాంగులును ఆగిపోకుందురు. ప్రయాణపు ఖర్చునకు చిన్న మొత్తము అప్పుగా నిచ్చుటకు మహాజనసభలో తీర్మానించుకొనవచ్చును. ఇంగ్లండువారు 1909లో చేసిన పని మనకు అసాధ్యము గాదు.

మత్స్యకారుల సహకార సంఘములతో మనము ఉత్తరప్రత్యుత్తరములు జరుపవలెను. వారికి వేసవిలో పని లేదు; మనకు కోతలలో మనుష్యులు చాలరు. ఏ నెలలో ఎచ్చట ఎందరు కావలెనో ఇరుసంఘములు తెలుపుకొన్నచో మధ్యవర్తి కీయు సొమ్ము పనివాని చేతనే మిగులును. నిషేధకాలమున జెట్టీవద్దను, పంట చేతికి వచ్చిన పిమ్మట మన గ్రామములలోను కచేరివారు వచ్చి శిబిరము పెట్టవలెనని ఇరుసంఘములు కలిసి జిల్లా అధికారులకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఒంటిగొంతుకంటె జంటగొంతు దూరము పోవును.

తుదకొక మాట. పరుల కచేరిని విమర్శించునపుడు మన కచేరిని చూచుకొనుట మంచిది. మా సంఘ కార్యాలయమునకు మూడు మెట్లున్నవి. ఇన్నేండ్లలో ఎన్నడును అవి మాకు మెట్లుగా తోచలేదు. ఈ పాఠము వ్రాయుటకు కూర్చున్న దినమున, పోలియో వలన కాళ్లు చచ్చుబడిన సభ్యుడొకడు వాయిదా సొమ్ము చేతబట్టుకొని క్రింది మెట్టుమీదనే కూర్చుండి, గుమాస్తా ఎప్పుడు బయటకు వచ్చునాయని కాచుకొనియుండుట చూచితిమి. ఎంత కాలమునుండి ఇట్లు వచ్చుచున్నావని అడుగగా, “సభ్యుడనైన నాటినుండియు నింతేగదండీ” యనెను. వచ్చు నెలలోగా అచ్చట వాలుబాట కట్టించుటకు కార్యవర్గము తీర్మానించినది. ఖర్చు స్వల్పము. ఆలస్యమునకే మేము సిగ్గుపడుచున్నాము.

సభలలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున కోతల పిమ్మట పని లేనివారెందరు? వారిలో ఇ-శ్రమ్ కార్డు గలవారెందరు?

2. మన గ్రామమునుండి జిల్లా ఉపాధి కార్యాలయమునకు పోయివచ్చుటకు ఎంత సొమ్ము, ఎన్ని గంటలు పట్టును? ఆ దినపు కూలి ఎంత?

3. మన సంఘ కచేరికి రాలేకున్న సభ్యుడెవరైన నున్నారా? ఏల రాలేకున్నారు?

4. పని ఇప్పింతునని సొమ్ము పుచ్చుకొని మోసగించినవారు మన ప్రాంతమున తిరుగుచున్నారా? వారి విషయమై ఎవరికి తెలుపవలెను?

5. విశాఖపట్నపు రేవులో పనిచేయుచున్న మన గ్రామస్థులు ఎవరెవరు? వేట నిషేధ కాలమున వారికి మనము పంపదగిన పని యేది?

ఈ ప్రశ్నలకు సంఘములు పంపు జవాబులను వచ్చు సంచికలో ప్రకటింతుము.